పద్దెనిమిది కాళ్ళ చిప్

చూలై, మద్రాసు
16 జూన్ 1996, ఆదివారం

వదినా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. అందరం క్షేమం అని మొదలుపెట్టడం చేతికి అలవాటు. ఈసారి ఆ వాక్యం దాటేసి మొదలుపెడుతున్నాను. నీ చెల్లెలు అమ్మణి అలాగే ఉంది. అంటే నువ్వు మార్చిలో హోసూరు నుంచి వచ్చి చూసినప్పుడు ఎలా ఉందో అలాగే అని కాదు. పోయిన వారం ఎలా ఉందో ఈ వారమూ దాదాపు అలాగే ఉందని. మేమిప్పుడు వారాల లెక్కన బతుకుతున్నాం.

కాళ్ళలో నిలబడే బలం పూర్తిగా పోయింది. కుడి చెయ్యి ఒళ్ళో పెడితే, మళ్ళీ ఎవరైనా తీసేదాకా అక్కడే ఉంటుంది. ఎడమ చేతి వేళ్ళు ఇంకా ఆడుతున్నాయి. మాట మాత్రం చాలా పాడయింది. నీళ్ళు అన్నా నెయ్యి అన్నా ఒకలాగే వినిపిస్తుంది. నాకూ జెబకూ తప్ప ఎవరికీ అర్థం కావడంలేదు. జెబ అంటే, నేను అంబత్తూరులో ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చేదాకా అమ్మణిని చూసుకోవడానికి పెట్టుకున్న ఆవిడ. వెనక వీధిలో ఉంటుంది, ఒకప్పుడు నర్సింగ్ హోములో ఆయాగా చేసింది. అమ్మణి చెప్పింది జెబ నాకు తిరిగి చెబుతుంటే వింటూ కూర్చుంటాను. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని, ముప్పైమంది ఆడపిల్లలకు జాకెట్టు చంక ఎలా కత్తిరించాలో చెబుతూ, మధ్యలో వాళ్ళ ఇళ్ళ గొడవలు కూడా తీర్చిన మనిషి మాట, ఇప్పుడు ఇంకొకరు తర్జుమా చేస్తేగానీ నాకు చేరడంలేదు.

డాక్టరు ఏమన్నాడని అడిగావు. మే నెలలో నేనొక్కడినే వెళ్ళి కలిశాను. నరాల నీరసమనీ, ఓపిక పట్టాలనీ అన్నాడు. నువ్వు కంగారుపడి సెలవు పెట్టి రానవసరంలేదు.

నేనొక పని మొదలుపెట్టాను, అది చెబుదామనే ఈ ఉత్తరం. అమ్మణి కోసం ఒక మిషను చేస్తున్నాను. ఎడమ చేత్తో మీట నొక్కితే ఆ అక్షరం కాలిక్యులేటరుకు ఉండేలాంటి ఒక చిన్న అద్దం మీద కనిపిస్తుంది. అలా మాట, మాట నుంచి వాక్యం. పద్దెనిమిదేళ్ళుగా తూకం మిషన్లకు బోర్డులు గీస్తున్నవాణ్ణి, పెళ్ళానికి ఈపాటి చెయ్యలేనా అనిపించింది. అమ్మణి కుట్టు మిషను బల్ల మీదే సోల్డరింగు సామాను పెట్టుకున్నాను.

ఇలాంటి మిషను ఏదైనా లోపల ఒక చిప్ ఉంటుంది వదినా. వేలెడంత నల్ల బిళ్ళ, రెండు పక్కలా జెర్రి కాళ్ళలా తీగలు. మైక్రోకంట్రోలర్ అంటారు. ఏ మీట నొక్కారో చూసేది, అద్దం మీద ఏం రాయాలో చెప్పేది అదే. ఏ చిప్ వెయ్యాలన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే మిగతా బోర్డంతా దాని చుట్టూనే కడతాం. తరువాత మనసు మార్చుకుంటే మళ్ళీ మొదటికి రావాలి.

ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ వీధికి వెళ్ళి రెండు రకాలు తెచ్చాను. ఒకటి నలభై కాళ్ళది, మేము ఎయిటీ ఫిఫ్టీవన్ అని పిలిచే జాతిది. దాని పక్కన విడిగా మెమరీ పెట్టుకుంటే అరవై నాలుగు మీటలు తగిలించవచ్చు, తెలుగు అక్షరాలు గుణింతాలతో సహా అద్దం మీద గీయించవచ్చు. రెండోది పద్దెనిమిది కాళ్ళది. దాని పొట్టలో తెలుగు పట్టదు. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఇరవై ఆరూ చూపిస్తుంది, అంతే. దానికి ఒక్క స్విచ్చి చాలు. అక్షరాలు గుంపులుగా వాటంతటవే వచ్చి పోతుంటాయి, కావలసింది వచ్చినప్పుడు నొక్కాలి. మా కంపెనీలో నా పక్క బల్ల ఆనందన్ ఆ చిన్నదాన్ని పట్టుకుని, "రెండు వారాల్లో అయిపోతాది సార్ దీంతో. ఒక్క స్విచ్చి, చెయ్యి లేకున్నా కాలితో నొక్కొచ్చు," అన్నాడు. చెయ్యి లేకున్నా అన్న మాటకు నాకు కోపం వచ్చింది. చెయ్యి ఉంది కదా అన్నాను.

ఇంటికి తెచ్చి రెండు చిప్‌లనూ పళ్ళెంలో పెట్టి అమ్మణికి చూపించాను. రెండింటి సంగతీ చెప్పాను. చాలాసేపు చూసి, ఎడమ చేతి వేలు చిన్నదాని మీద పెట్టింది.

"చిన్నది చాలు బావా," అంది. రెండుసార్లు అడిగితేగానీ నాకు అర్థం కాలేదు. "సీక్రం అయ్యేది చెయ్యి."

"దాంట్లో తెలుగు రాదే. ఇంగ్లీషు అచ్చరాల్లో నీ మాటలు ఏం ఇముడుతాయి?" అన్నాను.

"ఇముడుస్తాలే."

"ఒక్కో అచ్చరానికీ కాసుకోని కూర్చోవాల. నీకు ఓర్పు ఏడ ఉండాది?"

దానికి ఏదో అంది, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంటే తల అడ్డంగా ఊపింది.

నేను పెద్దదాన్నే ఎంచుకున్నాను వదినా. ఆమె మాట తెలుగు, తెలుగులోనే రావాలి. అరవై నాలుగు మీటలు ఉంటే అన్ని మాటలూ అనవచ్చు. కొంచెం ఆలస్యమైనా దసరాకల్లా అవుతుంది. ఉన్న వేళ్ళకు పని పెడితే అవి నిలబడతాయని కూడా నా ఆశ. నువ్వు బడిలో పిల్లలకు దిద్దబెట్టే అక్షరాల పట్టిక ఒకటి పంపించు. ఒక్క అక్షరం కూడా వదలకూడదు.

నీ మరిది
కోదండరాం


చూలై, చెన్నై
17 నవంబరు 1996, ఆదివారం

వదినా,

దీపావళికి నువ్వు పంపిన చీర జెబ కట్టబెట్టింది. రంగు నప్పింది. మిషను సంగతి రాయలేదేమని నాలుగు కార్డులు రాశావు. నాలుగింటికీ కలిపి ఇదే జవాబు. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. నేనే తిట్టించుకుందామని రాస్తున్నాను.

మిషను పూర్తయింది. ఎనిమిదో తేదీ శుక్రవారం సాయంత్రం దాన్ని అమ్మణి ముందు పెట్టాను. మంచి మిషను వదినా. ఆ మాట అనకుండా ఉండలేను. నువ్వు పంపిన పట్టిక చూసి ప్రతి అక్షరాన్నీ గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి గీశాను. ఎవరూ వాడని బండి ఱ కూడా గీశాను. ఆ ఱ ఒక్కదానికి రెండు ఆదివారాలు పట్టింది. అడ్డగీత సరిగ్గా రావడంలేదని చెరిపి చెరిపి గీశాను. ఆ ఆదివారాలు రెండూ అమ్మణి కుర్చీలో నా ఎదురుగానే ఉంది.

వేళ్ళు ఆగస్టు నుంచి ఒక్కొక్కటిగా పోయాయి. నాకు తెలియదా అంటే తెలుసు. రోజూ అన్నం తినిపించేవాణ్ణి నేనే. ఒక్కో వేలు పోయినప్పుడు మీటలను ఇంకా మెత్తగా చేశాను. ఊదితే దిగేటంత మెత్తగా చేశాను. చివరికి శుక్రవారంనాడు ఆమె చూపుడు వేలు నేనే ఎత్తి, అ మీట మీద పెట్టాను. వేలు బరువుకే మీట దిగింది. అద్దం మీద అ పడింది. వేలు ఎత్తడానికి ఆమెకు బలం లేదు. మళ్ళీ అ, మళ్ళీ అ. వరస మొత్తం అ అక్షరాలతో నిండి రెండో వరసలోకి దిగింది. నేను చూస్తూ నిలబడ్డాను. జెబ వచ్చి వేలు తీసింది. అమ్మణి ముఖం నవ్వినట్టు అయింది, ఏడ్చినట్టూ అయింది. ఈ జబ్బులో రెండూ ఒకలాగే ఉంటాయి, ఏదో తెలుసుకుందామంటే అడగాలి. అడిగినా చెప్పడానికి ఆమెకు మాట మిగల్లేదు.

ఇప్పుడు ఆడేవి కళ్ళూ, కుడి కాలి బొటనవేలు కొంచెం. జూన్ నుంచి ఇప్పటిదాకా అయిదు నెలలు. మొదటి రెండు నెలలు ఏదో కొంత మాట ఉండేది. ఆగస్టు తరువాత నేను అడిగినదానికి అవునంటే కళ్ళు మూసేది, కాదంటే తెరిచి ఉంచేది. నేను ఏం అడిగేవాణ్ణనుకున్నావు? ఫ్యాను వెయ్యనా, దిండు సర్దనా, వెలుతురు ఎక్కువైందా. రోజుకు వంద ప్రశ్నలు. అన్నీ నేను ఎంచుకున్న ప్రశ్నలే.

అసలు ఉత్తరం ఇక్కణ్ణుంచి. మే నెలలో డాక్టరు నరాల నీరసం అనలేదు. నీకు అబద్ధం రాశాను. ఇది తగ్గే జబ్బు కాదన్నాడు. చేతులూ నోరూ అయ్యాక ఊపిరి తీసే కండల దాకా వస్తుందన్నాడు. "అప్పుడు రెండే దారులు. గొంతుకు రంధ్రం పెట్టి మిషనుతో ఊపిరి ఆడించవచ్చు. పెడితే ఇక తియ్యడం ఉండదు, ఆస్పత్రిలోనే ఉండాలి. లేదంటే మందులతో బాధ తగ్గించి ఇంట్లోనే ఉంచుకోవచ్చు. ఏది కావాలో మీరు తేల్చకండి. ఆమెనే అడగండి. మాట ఉన్నప్పుడే అడగండి," అన్నాడు. చాలా మెల్లగా, రెండుసార్లు చెప్పాడు. నేను సరేనని తల ఊపి, బయటికి వచ్చి, బస్సెక్కి నేరుగా రిచీ వీధిలో దిగాను.

ఆమెనే అడగండి అన్నాడు కాబట్టి, ఆమె మాట్లాడడానికి మిషను చేస్తానన్నాను. చూడడానికి అది సరైన పనిలాగే ఉంది. కానీ ఆమె చిన్నది చాలు అన్నప్పుడు నేను పెద్దదెందుకు ఎంచుకున్నాను? తెలుగు కోసమని నీకు రాశాను. అది అబద్ధం కాదు. అయితే తెలుగు మాటున ఇంకొకటి ఉంది. చిన్న చిప్ వేస్తే రెండు వారాల్లో ఆమె మాట్లాడుతుంది. మాట్లాడితే నేను అడగాలి. అడిగితే ఆమె చెబుతుంది. ఏం చెబుతుందో ఆమెతో పదిహేనేళ్ళు కాపురం చేసిన నాకు తెలుసు. పెద్ద చిప్ అయితే నెలలు పడుతుంది. ఒక్కో అక్షరం గీస్తూ, ఒక్కో మీట సర్దుతూ, ఆమె కోసమే కష్టపడుతున్నాననుకుంటూ గడిపేశాను. ఒకవైపు ఒంటి నిండా పని, ఇంకోవైపు ఆ ప్రశ్న వాయిదా.

ఇంకొకటి కూడా ఉంది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభంలేదు. సెప్టెంబరులో ఒకరోజు నేను ఫ్యాక్టరీ నుంచి కొంచెం ముందే వచ్చాను. జెబకు తెలుగు బైబిలు చదవడం వచ్చు. ఆమె అమ్మణి ఎదురుగా కూర్చుని అక్షరాలు వరసగా పైకి చెబుతోంది, కావలసిన అక్షరం దగ్గర అమ్మణి కళ్ళు మూస్తోంది. ఏ చిప్ లేదు, తీగ లేదు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి కనిపెట్టుకున్నారు. జెబ నన్ను చూసి సంతోషంగా, "రెండు అచ్చరాలు వచ్చినాయి సార్, గొం అని," అంది.

ఏప్రిల్‌లో పరీక్షలకని అమ్మణిని ఆస్పత్రిలో ఉంచినప్పుడు, ఆమె ఎదురు మంచంలో ఒకాయన గొంతులో గొట్టంతో ఉండేవాడు. గొం తరువాత వచ్చేది ఏమిటో నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. నేనేం చేశానో తెలుసా? "ఆమెను అలసిపోనియ్యొద్దు, మిషను అయిపోవస్తా ఉంది, దాంట్లో అన్నీ చెప్పుకోవచ్చు," అని జెబను లేపాను. అమ్మణి నా వంక చూసింది. నేను అటు తిరిగి దీపం వేశాను.

ఆ శుక్రవారం రాత్రి మిషను కట్టేశాక జెబ గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా అంది: "నేను చెప్తా ఉంటే అక్క కండ్లు మూస్తా ఉండింది గదా సార్. మీరే వద్దంటిరి."

ఇప్పుడైనా జెబను కూర్చోబెట్టి మళ్ళీ అక్షరాలు చెప్పించవచ్చు. కానీ అమ్మణి కళ్ళు కూడా అలసిపోతున్నాయి, తెలిసి మూసిందో రెప్ప బరువెక్కి మూసిందో తెలియడంలేదు. నిన్న ఆనందన్ దగ్గరికి వెళ్ళి సిగ్గు విడిచి పద్దెనిమిది కాళ్ళ చిప్ సంగతి అడిగాను. వాడు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. సొరుగులోంచి తీసి చేతిలో పెట్టి, "స్విచ్చి కాలి బొటనవేలికి పెడదాం సార్, నేను వచ్చి కొలత తీసుకుంటా," అన్నాడు. రేపటి నుంచి మొదలు.

నువ్వు రాగలవా వదినా? మిషను అయ్యాక ఆమెను అడగవలసింది నువ్వు అడుగుతావా? నాకు చేతకాదు. బోర్డు మీద ఏ తప్పు ఎక్కడుందో తీగ తీగ పట్టుకుని వెతకగలను. దీనికి మాత్రం నాకు చేతులు లేవు.

కోదండం


చూలై, చెన్నై
22 డిసెంబరు 1996

వదినా,

కాలు జారి పడ్డావనీ, కట్టు విప్పేదాకా బస్సెక్కలేవనీ నువ్వు రాసిన కార్డు వచ్చింది. ఇక ఎవరూ అడగవలసిన పని లేకపోయింది. చిన్న మిషను నవంబరు ముప్పైన అయింది. పన్నెండు రోజులు పట్టింది. మొదటిరోజు అమ్మణి రాసిన మొదటి మాట DIMMU. దిమ్ము అంటే ఏమిటా అని నేనూ జెబా తలలు పట్టుకున్నాం. చివరికి తెలిసింది, దిండు అనబోయి రెండుచోట్ల వేలు తప్పు అక్షరం మీద పడింది. దిండు సర్దాం. మూడు నెలలుగా దిండు ఎడమవైపు కొంచెం ఎత్తుగా ఉందట. నేను రోజూ అడిగేవాణ్ణి, దిండు సర్దనా అని. అవునంటే సర్దేవాణ్ణి, ఎప్పుడూ తప్పువైపే.

కింద ఉన్నది ఆమె ఉత్తరం. తొమ్మిది రోజులు రాసింది. ఇంగ్లీషు అక్షరాలలో ఏ రోజు వచ్చినదాన్ని ఆ రోజే నేను తెలుగులో పెట్టాను. ఆమె ఎదురుగానే కూర్చుని రాశాను, ప్రతి వాక్యం చదివి వినిపించమంది.

అక్కా,

ఒక్కో అచ్చరానికి శానా సేపు పడతాది. అందుకని చుట్టి చెప్పను.

నా గొంతుకు బొక్క వద్దు. ఊపిరి మిషను వద్దు. ఆస్పత్రి వద్దు. ఈ ఇంట్లోనే ఉంటా.

నాకు ఎవురూ చెప్పలేదు. ఏప్రిల్లో ఎదురు మంచం ఆయన్ని చూసి నేనే తెలుసుకుంటి. ఆయన పెండ్లాం ఆయన కండ్లల్లోకి చూడకుండా దుప్పటి సర్దతా ఉండింది. పొద్దుగుంకులూ దుప్పటే. బావ అట్ల కావద్దు అనుకుంటి. అయిదు నెలలు అట్లే ఆయ.

ఈ మాట రాయనని బావ లేచి పోయినాడు. నేను వాకిలి చూస్తా ఉండా. మళ్ళా వచ్చినాడు. రాస్తా ఉండాడు.

బావ మంచోడు అని నువ్వు రాస్తావు. మంచోడే. కానీ నాకు కోపం ఉండాది. నన్ను నోరు లేకుండా కూర్చోబెట్టి నా ముందరే అచ్చరాలు గీసినాడు. క్షమిస్తినా అని రోజూ కండ్లతో అడగతాడు. ఇంకా లేదు. అబద్ధం చెప్పను. ఇన్ని దినాలు పట్టి రాసేదాంట్లో అబద్ధం ఎవరు రాస్తారు.

కోపం ఉన్నా బావ పక్కనే ఉండాల. అది వేరే, ఇది వేరే.

అందరూ నాతో దేవుడి మాటలే చెప్తా ఉండారు. ఎవురూ ఊరి మాటలు చెప్పరు. మీ హెడ్‌మాస్టరు రెండో పెండ్లి ఏమాయ? మొదటి పెండ్లాం ఇల్లు వదిలి పోయిందా లేదా? వివరంగా రాయి. నువ్వు చేత్తో రాస్తావు, నీకేం కష్టం.

కట్టు ఇప్పినాక దా. వచ్చే ముందర ఆడనే ఏడ్చేసి దా. ఈడ ఏడవద్దు. నువ్వు ఏడిస్తే నాకు ఏడుపు వస్తాది, నాకు ఏడుపు వస్తే ఊపిరి ఆడదు.

ఈ కాగితం డాక్టరుకు చూపించు. బావ చూపించడు. నువ్వు పట్టుకొని పో.

నీ చెల్లెలు
అమ్మణి

వదినా,

రాసింది నేనే. ఆమె మాట ఒక్కటీ మార్చలేదు. లేచి వెళ్ళిన మాట నిజం. వీధి చివరిదాకా వెళ్ళాను. అక్కడ టీ కొట్టు దగ్గర నిలబడ్డాను, టీ తాగలేదు. తిరిగి వచ్చేసరికి అమ్మణి వాకిలి వైపే చూస్తోంది. నేను కూర్చోగానే కాలి బొటనవేలు కదిలింది, అద్దం మీద RAYI అని వచ్చింది.

డాక్టరు దగ్గరికి నువ్వు తీసుకుపోనవసరంలేదు. ఈ ఉత్తరాన్నే ఇంకో కాగితం మీద మళ్ళీ రాశాను. రేపు పొద్దున సెలవు పెట్టి నేనే ఇచ్చి వస్తాను. ఆమె నమ్మడంలేదు, నేను ఇవ్వనని గట్టిగా అనుకుంటోంది. జెబను వెంట పంపిస్తానంటోంది. పంపించనీ.

కోదండరాం